పాత బెంచీకి బొచ్చు రగ్గుతో కొత్త తొడుగు: సమగ్ర మార్గదర్శి

కాళ్లు, చట్రం గట్టిగా ఉండి పైనున్న రెగ్జిన్ చిట్లిపోయి, లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలుతున్న పాత చెక్క బెంచీని పారేయవలసిన అవసరం లేదు. కూర్చునే పలకను విప్పి, మెత్తను మార్చి, పైన ఒక బొచ్చు రగ్గును తొడిగితే అది మళ్లీ చాలాకాలం వాడుకలో ఉంటుంది. మామూలు సోఫా గుడ్డతో పోలిస్తే ఈ పనిలో ఒక సౌకర్యమూ ఒక చిక్కూ ఉన్నాయి. చిన్న ముడతలు, కుట్టు అతుకులు బొచ్చులో కలిసిపోయి కంటికి ఆనవు, అది సౌకర్యం. రగ్గు మందంగా ఉండడం వల్ల మూలల దగ్గర సులువుగా మడత పడదు, కత్తిరించే పద్ధతి తెలియకపోతే అతుకుల వెంట బోడిగా కనిపిస్తుంది, అది చిక్కు. రగ్గు కొనేటప్పుడు మనం బొచ్చును చూసి మురిసిపోతాం కానీ, ఈ పని బాగా కుదరడమూ చెడిపోవడమూ దాని వెనక గుడ్డ మీద ఆధారపడి ఉంటాయి. ఎంచుకోవడం, గీయడం, కోయడం, కుట్టడం, బిగించడం అన్నీ ఆ వెనక గుడ్డను చూసుకుంటూ చేయాలన్నదే ఈ వ్యాసంలో నేను పదేపదే చెప్పబోయే మాట.

బెంచీని పరీక్షించడం

ముందుగా బెంచీని తలకిందులుగా తిప్పి అడుగు భాగాన్ని చూడాలి. చాలా బెంచీలకు కూర్చునే పలక విడిగా ఉండి, కింది నుంచి చట్రానికి నాలుగైదు స్క్రూలతో బిగించి ఉంటుంది. అటువంటి బెంచీ పని సులువు. కొన్నింటిలో పలక చట్రంలోని గాడిలోకి దిగి కూర్చుంటుంది. వీటి విషయంలో జాగ్రత్త అవసరం, ఎందుకంటే పాత రెగ్జిన్ కంటే రగ్గు ఎంతో మందం కనుక కొత్త తొడుగు వేశాక పలక ఆ గాడిలో పట్టదు. రగ్గును వేళ్లతో గట్టిగా నొక్కి దాని మందం కొలిచి, పలక నాలుగు అంచులనూ అంతమేర ముందే చిత్రిక పట్టుకోవాలి. మెత్త అనేదే లేని ఉత్త చెక్క బెంచీ అయితే, దాని కొలతకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకను కోయించి, తొడుగు పనంతా ఆ పలక మీద చేసి, చివరగా కింది నుంచి స్క్రూలతో బిగించడం మంచిది. మంచి చెక్కకు నేరుగా స్టేపుల్ పిన్నులు కొడితే అది శాశ్వతంగా పాడవుతుంది.

పాత మెత్తల్లో నల్లులు చేరే అవకాశం ఉంది. కుట్టు అతుకుల వెంట, గుడ్డ మడతల్లో నల్లటి చిన్న చుక్కలు ఉన్నాయేమో టార్చి వేసి చూడాలి. ఉంటే పాత గుడ్డనూ ఫోమ్‌నూ ఇంట్లో విప్పకుండా బయటికి తీసుకెళ్లి, సంచిలో కట్టి పారేయాలి. చెక్కకు గుండ్రటి సన్నని రంధ్రాలు ఉండి, వాటి కింద తాజాగా పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. దానికి మందు పట్టించి, పొడి రాలడం ఆగిందని నిర్ధారించుకున్నాకనే ముందుకు వెళ్లాలి. కాళ్లు ఊగుతుంటే కీళ్లలోని పాత జిగురును గీకి, కొత్త చెక్క జిగురు పెట్టి, క్లాంపులతో గానీ గట్టి తాడుతో గానీ బిగించి ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. చట్రానికి రంగు వేయదలిస్తే తొడుగు వేయకముందే ఆ పని ముగించాలి. చాలా పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక, ఎప్పటి రంగో తెలియని చోట పొడిగా రుద్దకుండా నీటితో తడిపి రుద్దే ఎమిరీ కాగితం వాడి, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

రగ్గును వెనక నుంచి ఎంచుకోవడం

బొచ్చు రగ్గులన్నీ పైకి ఒకేలా కనిపించినా వెనక వైపు చాలా తేడాలుంటాయి. కొన్నింటికి వెనక పలుచని అల్లిక గుడ్డ ఉంటుంది. కృత్రిమ ఉన్నితో చేసిన ఇటువంటి రగ్గులు గుడ్డలాగే వంగుతాయి కనుక బెంచీకి ఇవే అన్నిటికంటే అనువైనవి. కొన్నింటిలో పోగులను గుడ్డలోకి గుచ్చి, అవి ఊడిపోకుండా వెనక లేటెక్స్ జిగురు పూసి, దాని మీద మరో గుడ్డ అతికిస్తారు. ఇవి గట్టిగా ఉంటాయి. వీటితోనూ పని చేయవచ్చు కానీ మూలలను మడవడం కుదరదు, కోసి కుట్టవలసిందే. నేల మీద జారకుండా వెనక మందపాటి రబ్బరు పొర వేసిన రగ్గులను నేను వద్దనే చెబుతాను. ఆ రబ్బరు గాలి ఆడనివ్వదు, మడత దగ్గర బిర్రుగా నిలబడుతుంది, కాలం గడిచాక పొడిగా రాలుతుంది.

కొనేముందు మూడు పరీక్షలు చేయాలి. మొదటిది, రగ్గు మూలను వెనక గుడ్డ లోపలికి వచ్చేలా మడిచి గట్టిగా నొక్కాలి. ఆ మడత చదునుగా అణగకుండా స్ప్రింగులా లేచి వస్తుంటే అది బెంచీ అడుగున కూడా అణగదు. రెండవది, బొచ్చు బయటికి ఉండేలా రగ్గును బల్ల అంచు మీదుగా వంచి చూడాలి. వంపు దగ్గర పోగులు విడిపోయి కింది గుడ్డ కనిపిస్తే, రేపు బెంచీ ముందు అంచు మీద కూడా అదే కనిపిస్తుంది. మూడవది, నాలుగు పోగులను వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగాలి. ఒకటి రెండు వస్తే పరవాలేదు, కుచ్చుగా ఊడివస్తే ఆ రగ్గు కూర్చునే చోటికి పనికిరాదు. బొచ్చు పొడవు 3 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటే చాలు. అంతకంటే పొడవైనది చూడడానికి ఎంత అందంగా ఉన్నా, రోజూ కూర్చునే చోట తొందరగా అణిగి ఉండలు కడుతుంది.

కొలతలు

రగ్గు ఎంత కావాలో తెలియాలంటే పలక పొడవుకు రెండు వైపులా మెత్త మందం, పలక మందం, కిందికి మడిచే భాగం కలుపుకోవాలి. ఒక ఉదాహరణ చూద్దాం. పలక 100 సెంటీమీటర్ల పొడవు, 38 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. ఫోమ్ 5, ప్లైవుడ్ 1.2, కింది మడత 6 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో వైపు 12.2 సెంటీమీటర్లు అదనంగా కావాలి. రెండు వైపులా కలిపి 24.4 కనుక, రగ్గు కనీసం 124.4 సెంటీమీటర్ల పొడవు, 62.4 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. అంటే 120, 60 కొలతల రగ్గు చూడగానే సరిపోతుందనిపించినా, పొడవు వైపు కింది మడతకు 3.8 సెంటీమీటర్లే మిగులుతుంది. పిన్నులు కొట్టడం సాధ్యమే కానీ చేతితో పట్టి లాగడానికి అంచు దొరకదు. కొత్తగా చేసేవారు ఒక సైజు పెద్దది తీసుకోవడమే మేలు. మిగిలిన ముక్క మూలల కుట్టు సాధన చేయడానికి పనికొస్తుంది.

పాత తొడుగును విప్పడం

పలకను చట్రం నుంచి విప్పేముందు ఏ స్క్రూ ఏ రంధ్రానిదో గుర్తు పెట్టుకుని, పలక ముందు వైపు ఏదో అడుగున చాక్‌తో రాసుకోవాలి. పాత పిన్నులను చదునైన స్క్రూడ్రైవర్‌తో ఒక కాలు పైకి లేపి, పట్టకారుతో లాగాలి. విరిగి చెక్కలో మిగిలిన ముక్కలను లాగలేకపోతే సుత్తితో లోపలికి కొట్టేయాలి, లేకుంటే అవి తర్వాత చేతికి గుచ్చుకుంటాయి. పాత ఫోమ్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక ఈ పని ఆరుబయట, మాస్కు కట్టుకుని చేయాలి. విప్పిన పలక వంగి ఉన్నా, పొరలు విడిపోయి ఉన్నా దాన్నే నమూనాగా పెట్టి కొత్త ప్లైవుడ్ కోయించుకోవాలి.

మెత్త వేయడం

కూర్చునే బెంచీకి ఘనపు మీటరుకు 32 నుంచి 40 కిలోల సాంద్రత గల, 5 సెంటీమీటర్ల మందమున్న ఫోమ్ సరిపోతుంది. అంతకంటే తక్కువ సాంద్రత ఉన్నది త్వరగా గుంట పడుతుంది. పలకను ఫోమ్ మీద ఉంచి చుట్టూ గీసి, ఆ గీత కంటే అర సెంటీమీటరు బయటికి, పళ్లున్న పొడవాటి కత్తితో కోయాలి. ఆ కొంచెం అదనం తొడుగు బిగిశాక అంచులు నిండుగా కనిపించేలా చేస్తుంది. ఫోమ్ పై అంచును చుట్టూ ఏటవాలుగా కొద్దిగా చెక్కేయాలి, ఎందుకంటే అంచు పదునుగా ఉంటే దాని మీద వంగిన రగ్గు పోగులు పాపిడి తీసినట్టు రెండుగా విడిపోతాయి. ఫోమ్‌ను పలకకు స్ప్రే జిగురుతో అతికించి, పైన పలుచగా ఒక పొర పాలియెస్టర్ దూది పరవాలి. రగ్గే మందంగా ఉంటుంది కనుక రెండు మూడు పొరలు అవసరం లేదు.

ఇక్కడ చాలామంది వదిలేసే ఒక మెట్టు ఉంది. దూది మీద నేరుగా రగ్గు వేయకుండా, ముందు ఒక పాత నూలు దుప్పటి ముక్కను గట్టిగా లాగి చుట్టూ పిన్నులు కొట్టాలి. ఫోమ్‌ను అదిమి ఆకారంలో ఉంచే భారమంతా ఈ లోపలి గుడ్డ మోస్తుంది. అప్పుడు రగ్గును బలంగా సాగదీయనక్కర్లేదు, ముడత పోయేంత లాగితే చాలు. లేటెక్స్ పూసిన రగ్గును సాగదీస్తే వెనక జిగురు పగిలి పోగులు వదులవుతాయి, అల్లిక గుడ్డను సాగదీస్తే అల్లికలోని రంధ్రాలు విచ్చుకుని బొచ్చు పలుచబడినట్టు కనిపిస్తుంది. అరగంట పని ఎక్కువవుతుందని ఈ మెట్టును మానకండి.

గీయడం, కోయడం

రగ్గు మీద అరచేతితో నాలుగు దిక్కులా నిమిరితే ఒక దిక్కున బొచ్చు నున్నగా పడుకుంటుంది, ఎదురు దిక్కున లేచి నిలబడుతుంది. పడుకునే దిక్కును వెనక గుడ్డ మీద బాణం గుర్తుతో రాసుకోవాలి. ఆ బాణం బెంచీ వెనక వైపు నుంచి ముందు వైపుకు చూపేలా రగ్గును అమర్చితే, ముందు అంచు మీద పోగులు సహజంగా కిందికి జారి అంచును కప్పుతాయి. పొడవు చాలక రెండు ముక్కలు అతకవలసి వస్తే రెండింటి బాణాలూ ఒకే దిక్కుకు ఉండాలి, లేకపోతే వెలుతురు పడినప్పుడు ఒక ముక్క ముదురుగా, ఒక ముక్క లేతగా రెండు రంగుల్లా కనిపిస్తుంది.

రగ్గును బొచ్చు కిందికి ఉండేలా పరిచి, వెనక గుడ్డ మీద కొలత ప్రకారం గీతలు గీయాలి. కోయడానికి కొత్త కట్టర్ బ్లేడు వాడాలి. గీతకు అటూ ఇటూ గుడ్డను వేళ్లతో నేల నుంచి కొద్దిగా పైకి లేపి పట్టుకుని, బ్లేడు మొనతో గుడ్డను మాత్రమే కోస్తూ, ఒక్కసారికి బెత్తెడు చొప్పున ముందుకు సాగాలి. గుడ్డ తెగాక రెండు ముక్కలనూ మెల్లగా విడదీస్తే, పోగులు ఒకదాంట్లోంచి ఒకటి జారి పూర్తి పొడవుతో బయటికి వస్తాయి. నేను మొదటి బెంచీ చేసినప్పుడు ఈ సంగతి తెలియక బొచ్చు వైపు నుంచి కత్తెరతో కత్తిరించాను. చుట్టూ ఉన్న అంచు అడుగుకు వెళ్లిపోయింది కనుక కనిపించలేదు కానీ, నాలుగు మూలల్లో కుట్టు వెంట నిలువునా వేలెడు వెడల్పున బోడి గీతలు మిగిలాయి. తెగిన పోగును మళ్లీ పొడవు చేసే ఉపాయం లేదు కనుక రగ్గంతా విప్పి, కొత్త ముక్క వేయవలసి వచ్చింది.

కోసిన అంచుల నుంచి వదులు పోగులు రాలుతాయి. ముక్కను బయట దులిపి, అంచుల వెంట వాక్యూమ్ క్లీనర్ నడిపించాలి. లేటెక్స్ రకమైతే కోసిన అంచు పొడవునా గుడ్డలకు వాడే జిగురును సన్నగా పూసి ఆరనిస్తే పోగులు ఊడవు. ముడతలు పోవాలని ఇస్త్రీ పెట్టెను మాత్రం దగ్గరికి రానివ్వకూడదు, అక్రిలిక్, పాలియెస్టర్ పోగులు వేడికి కరిగి గడ్డకడతాయి.

మూలలు

ఈ పనిలో నైపుణ్యమంతా మూలల్లోనే తెలుస్తుంది. వెనక గుడ్డ పలుచగా ఉంటే, మూల కొసను ఏటవాలుగా పలక అడుగు మధ్యకు లాగి రెండు పిన్నులు కొట్టి, ఇరువైపులా చెవుల్లా నిలిచిన అదనపు గుడ్డను లోపలికి మడిచి బిగిస్తే సరిపోతుంది. మందపాటి రగ్గుకు మాత్రం పెట్టె మూతలా కుట్టే పద్ధతే సరైనది.

పైన చెప్పిన కొలతల్లో ఒక్కో వైపు అదనం 12.2 సెంటీమీటర్లు. రగ్గు ప్రతి మూలలోనూ వెనక గుడ్డ మీద అంతే భుజం గల చతురస్రం గీసి, బ్లేడుతో కోసి తీసేయాలి. ఇప్పుడు ఆ మూలలో రెండు కోసిన అంచులు లంబంగా కలుస్తాయి. బొచ్చు లోపలి వైపు ఉండేలా ఆ రెండు అంచులనూ దగ్గరికి తెచ్చి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పక్కపక్కనే ఆనించి, గట్టి నైలాన్ దారంతో వెనక నుంచి చుట్టు కుట్టు (దారం ప్రతిసారీ రెండు అంచుల మీదుగా చుట్టుకునే కుట్టు) వేయాలి. సూది అంచుకు అర సెంటీమీటరు లోపల దిగాలి, కుట్లు కూడా అర సెంటీమీటరు దూరంలో పడాలి. ప్రతి కుట్టుకు ముందు, అంచుల మధ్య ఇరుక్కున్న పోగులను సూది మొనతో బొచ్చు వైపుకు తోసేయాలి. విసుగు పుట్టించే పనే కానీ, పోగులు కుట్టులో చిక్కుకుంటే బయట అక్కడ గుంట పడుతుంది, తోసేస్తే మాత్రం అతుకు ఎక్కడుందో కుట్టినవారికే వెతికితే గానీ దొరకదు. ఈ కుట్టు ఫోమ్, పలకల ఎత్తు వరకే, అంటే 6.2 సెంటీమీటర్లు వేసి ముడి వేయాలి. ఆ పైన మిగిలిన 6 సెంటీమీటర్లు అడుగుకు మడిచే రెక్కలు. అవి పలక కింద ఒకదాని మీద ఒకటి పడి ఎత్తు కాకుండా, ఒక్కో రెక్క కొసను 45 డిగ్రీల వాలులో కోసేయాలి. నాలుగు మూలలూ కుట్టాక తొడుగును బొచ్చు బయటికి వచ్చేలా తిప్పి, మెత్త మీద మూత పెట్టినట్టు దించాలి.

బిగించడం

పలకను బొచ్చు కిందికి ఉండేలా శుభ్రమైన దుప్పటి మీద బోర్లించి, స్టేపుల్ గన్‌తో పిన్నులు కొట్టాలి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కు 10 మిల్లీమీటర్ల కాలు గల పిన్నులు చాలా రగ్గులకు సరిపోతాయి. వెనక గుడ్డ మందంలో కొంత పోగా, చెక్కలోకి కనీసం 6 మిల్లీమీటర్లు దిగాలన్నది గుర్తుంచుకుంటే కొలత ఎంచుకోవడం తేలిక. ముందు వైపు సరిగ్గా మధ్యలో ఒక పిన్ను, వెనక వైపు మధ్యలో ఒకటి, తర్వాత రెండు పొట్టి వైపుల మధ్యలో ఒక్కొక్కటి కొట్టి, పలకను నిలబెట్టి అతుకులు మూలల మీద నిటారుగా ఉన్నాయో లేదో చూడాలి. వాలుగా ఉంటే ఆ నాలుగు పిన్నులే తీసి సరిచేయడం సులువు, అన్నీ కొట్టాక కాదు. సరిగ్గా ఉంటే మధ్య నుంచి మూలల వైపుకు, ఒకసారి ముందు, ఒకసారి వెనక మారుతూ 3 సెంటీమీటర్లకు ఒక పిన్ను చొప్పున కొట్టుకుంటూ పోవాలి. పిన్ను పడే ముందు అక్కడి అంచు కింద పోగులు ఇరుక్కోకుండా దువ్వెనతో బయటికి దువ్వాలి.

రెక్కలు చట్రం మీద ఆనే చోట రగ్గు మందం వల్ల పలక ఎగుడుదిగుడుగా కూర్చుంటుంది. పిన్నుల వరసకు లోపలి వైపు మిగిలిన రగ్గును కోసేసి, చట్రం తాకే చోట పోగులను పొట్టిగా కత్తిరించాలి. కత్తెరతో బొచ్చు కత్తిరించదగిన చోటు ఇదొక్కటే. ఆ తర్వాత అడుగంతా కప్పేలా పలుచని నల్ల నాన్ వోవెన్ గుడ్డను అంచులు మడిచి బిగిస్తే, రాలే పోగులు కిందికి రావు, గాలి కూడా ఆడుతుంది.

తిరిగి చట్రానికి బిగించేటప్పుడు స్క్రూ పడే చోట రగ్గు ఉంటే, ముందుగా బ్లేడుతో అక్కడి గుడ్డను రూపాయి బిళ్లంత గుండ్రంగా కోసి తీసేయాలి. పోగుల మీదుగా డ్రిల్లు తిప్పితే అవి బిట్టు చుట్టూ చుట్టుకుని రగ్గును మెలిపెట్టి లాగేస్తాయి. మధ్యలో రగ్గు మందం చేరింది కనుక పాత స్క్రూలు పొట్టివి కావచ్చు. ఆ మందం మేరకు పొడవైనవి తీసుకోవాలి, అయితే ప్లైవుడ్‌ను చీల్చుకుని మెత్తలోకి పొడుచుకొచ్చేంత పొడవు ఉండకూడదు.

వాడుకలో

తొడుగు వేసిన వెంటనే అతుకుల వెంట, అంచుల వెంట పెంపుడు జంతువులకు వాడే సన్నటి తీగల బ్రష్షుతో మెల్లగా దువ్వితే చిక్కుకున్న పోగులు బయటికి వచ్చి కుట్లను కప్పుతాయి. మొదటి కొన్ని వారాలు కొద్దిగా బొచ్చు రాలడం సహజం. వాక్యూమ్ క్లీనర్ వాడేటప్పుడు తిరిగే బ్రష్షు లేని గొట్టాన్నే పెట్టాలి. ఏదైనా ఒలికితే రుద్దకుండా పొడి గుడ్డతో అద్ది, తేలికపాటి సబ్బు నురుగును పైపోగులకే పట్టించి, తడి గుడ్డతో తుడిచి, ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. నీరు ఫోమ్ దాకా దిగితే ఆరడానికి చాలా సమయం పడుతుంది, వాసన కూడా వస్తుంది. కృత్రిమ పోగులకు నిప్పు త్వరగా అంటుకుంటుంది కనుక దీపాలకూ హీటర్లకూ ఈ బెంచీని దూరంగా ఉంచాలి. రెండు మూడు వారాలు వాడాక మడతలు అణిగి పలక కొద్దిగా వదులవుతుంది. అప్పుడు బెంచీని ఒకసారి తిరగేసి స్క్రూలన్నిటినీ మరో చుట్టు బిగించాలి.